మెమొరీ ఫోమా, లేటెక్సా? శ్రీకాకుళం ఉక్కపోతకు ఏ పరుపు నయం

శ్రీకాకుళంలో పరుపు కొనేటప్పుడు మెత్తదనం కన్నా ముందు ఉక్కపోత గురించి ఆలోచించాలి. షాపులో రెండూ హాయిగానే ఉంటాయి, అక్కడ ఏసీ ఉంటుంది మరి.

మెమొరీ ఫోమ్ పాలియురెథేన్‌లోనే, అంటే మామూలు స్పాంజి చేసే ప్లాస్టిక్‌లోనే, ఒక రకం. 1960ల్లో నాసా విమాన సీట్ల కోసం చేయించిన పరిశోధనలోంచి వచ్చింది. ఒంటి వేడికి మెత్తబడి శరీరం ఆకారానికి దిగుతుంది. భుజం, తుంటి మీద ఒత్తిడి తగ్గుతుంది. పక్కవాళ్లు దొర్లినా మనకు పెద్దగా తెలియదు. కానీ ఆ వేడిని పట్టి ఉంచుతుంది. మే నెల రాత్రి కరెంటు పోయిందంటే దాని సంగతి తెలుస్తుంది.

సహజ లేటెక్స్‌ను రబ్బరు పాలతో చేస్తారు. నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది కాబట్టి పక్కకు తిరగడం సులువు. రంధ్రాల వల్ల గాలి ఆడుతుంది, గుంట పడటమూ ఆలస్యమే. ధర ఎక్కువ, బరువు మరీ ఎక్కువ. 'నేచురల్' అని రాసినంత మాత్రాన నమ్మేయకండి. సింథటిక్ కలిపినవీ, పైపొర మాత్రమే లేటెక్స్ ఉన్నవీ అమ్ముతారు.

మనవాళ్లకు పరుపును డాబా మీద ఎండబెట్టే అలవాటు. దూది పరుపుకు మంచిదే, ఈ రెండింటికీ చేటు. ఎండకు లేటెక్స్ పెళుసవుతుంది, ఫోమ్ పసుపెక్కి పొడి రాలుతుంది. నీడలో గాలికి పెట్టండి చాలు.

నా ఓటు లేటెక్స్‌కే. బడ్జెట్ చాలకపోతే ఘనపు మీటరుకు 40 కిలోల డెన్సిటీ ఉన్న హెచ్‌ఆర్ (హై రెసిలియన్స్, అంటే నొక్కితే త్వరగా తిరిగి లేచే) ఫోమ్ తీసుకోండి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. ఏసీ గది, భుజం నొప్పి ఉన్నవాళ్లకైతే మెమొరీ ఫోమే మేలు, అదీ డెన్సిటీ 50 కిలోలకు తగ్గకుండా.