సిడ్నీకి సింగపూర్ మీదుగానా, ఢిల్లీ మీదుగానా?
శ్రీకాకుళం నుంచి ఎటెళ్లినా ముందు వైజాగ్ వెళ్లాల్సిందే కదా, అసలు తేడా అక్కణ్ణుంచే. ఢిల్లీ రూట్ అంటే మనం వెళ్లాల్సింది ఆగ్నేయానికైతే ముందు ఉత్తరానికి 1,360 కిలోమీటర్లు పోయి, మళ్లీ కిందకి 10,400 పైనే ఎగరాలి. సింగపూర్ రూట్‌లో 2,900, ఆ తర్వాత 6,300, అంటే దాదాపు 2,500 కిలోమీటర్లు తక్కువ, గాల్లో ఉండేది ఇంచుమించు 12 గంటలు, ఢిల్లీ అయితే 14 దాటుద్ది.

అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపితే మాత్రం ఢిల్లీయే నయం అంటాను, హిందీ ముక్కలతోనైనా నెట్టుకొస్తారు. సింగపూర్ అయితే రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద తియ్యండి, విడిగా తీస్తే లగేజీ కోసం బయటికి రావాలి, అప్పుడు సింగపూర్ ఇమిగ్రేషన్ కూడా దాటాలి.