వైద్యానికి అందరికీ ఒకే ప్రమాణమా, ఎక్కడికక్కడ వేరువేరుగానా: ఏది మేలు?

1846లో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులుండేవి. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. మంత్రసానులు చూసే వార్డులో నూటికి ముగ్గురి లోపే. మొదటి వార్డులో వేయొద్దని గర్భిణులు బతిమాలుకునేవారట. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేయడమే కారణమని అక్కడే పనిచేసే డాక్టర్ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పసిగట్టాడు. 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగి తీరాలన్నాడు. మరణాలు బాగా తగ్గాయి. అయినా చాలామంది తోటి డాక్టర్లు ఆయన మాట ఒప్పుకోలేదు. ఎవరి పద్ధతి వారిదే అని వదిలేస్తే జరిగేది ఇదే. ఏ వార్డులో మంచం దొరికిందన్న దాన్ని బట్టి ప్రాణం నిలవడమో పోవడమో జరగడం నాకు భరించలేని అన్యాయంగా తోస్తుంది.

అందుకే నా మొగ్గు మొదట ఒకే ప్రమాణం వైపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్ట్ చూడండి. మొత్తం 19 అంశాలు. రోగి సరైన మనిషేనా, కోయాల్సింది ఏ వైపు, యాంటీబయాటిక్ ఇచ్చారా, గాజుగుడ్డలు లెక్క సరిపోయాయా, ఇలాంటివే. ధనిక, పేద దేశాలు కలిపి 8 నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయి.

అదే చెక్‌లిస్ట్‌ను కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో 101 ఆస్పత్రులు అమలు చేశాయి. 2014లో వచ్చిన లెక్కల్లో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆస్పత్రులు మాత్రం దాదాపు అన్ని ఆపరేషన్లకూ పాటించామనే చెప్పాయి. కాగితం మీద టిక్కు పెట్టడం వేరు, ఆపరేషన్ టీమ్ ఒక నిమిషం ఆగి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వేరు అని నాకు అర్థమైంది.

ఇంకా లోతుగా ఆలోచింపజేసేది 2011లో వచ్చిన ఫీస్ట్ అధ్యయనం. తీవ్రమైన జ్వరంతో షాక్ (ఒంట్లో రక్తప్రసరణ బాగా పడిపోవడం) లక్షణాలున్న పిల్లలకు సెలైన్ వేగంగా ఎక్కించాలన్నది అప్పటికే పాతుకుపోయిన నియమం. ఐసీయూలున్న దేశాల్లో దాన్ని పెద్దగా ప్రశ్నించలేదు. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో, వెంటిలేటర్ ఊసే లేని ఆస్పత్రుల్లో, 3,141 మంది పిల్లల మీద దాన్ని పరీక్షించారు. వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో పదిన్నర శాతం మంది చనిపోయారు. అలా వేగంగా ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం. నష్టం కనిపించడంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఆ పిల్లల్లో చాలామందికి మలేరియా, తీవ్రమైన రక్తహీనత ఉన్నాయి. వేరే చోట పుట్టిన నియమాన్ని పరీక్షించకుండానే నమ్మి ఉంటే ఈ తేడా ఎవరికీ తెలిసేది కాదు.

గడియారం నియమాలదీ అదే తంతు. న్యుమోనియాకు 4 గంటల్లోపు యాంటీబయాటిక్ పడాలని అమెరికాలో ఒక కొలబద్ద పెడితే, ఆ టెన్షన్‌లో న్యుమోనియా లేనివారికీ మందు ఇచ్చేశారు. తర్వాత గడువును 6 గంటలకు పెంచి, చివరికి కొలబద్దనే తీసేశారు.

మరి ఏది మేలు? నా లెక్కలో రెండూ కావాలి, కానీ వేర్వేరు పనులకు. చేతులు కడగడం, రోగిని సరిచూడడం, గాజుగుడ్డలు లెక్కపెట్టడం ఎక్కడైనా ఒక్కటే. వీటిలో ఏ ఆస్పత్రికీ మినహాయింపు ఉండకూడదు. ఏ ద్రవం, ఎంత, ఎంత వేగంగా అన్నవి మాత్రం, వాడబోయే చోటుకు దగ్గరి పరిస్థితుల్లో పరీక్షించాకే నియమం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో మొదలుపెట్టిన అత్యావశ్యక మందుల జాబితా ఈ దారిలోనే నడిచింది. నమూనా ఒకటి, దాన్ని బట్టి ఏ దేశం జాబితా ఆ దేశానిది.

ఇక ఖర్చు సంగతి. ఆపరేషన్ చెక్‌లిస్ట్‌లో రోగి వేలికి రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సిమీటర్ పెట్టారా, అది పనిచేస్తోందా అని అడిగే గడి ఉంది. ఆ పరికరమే లేని థియేటర్‌లో ఆ గడికి అర్థం లేదు. 2011లో మొదలైన లైఫ్‌బాక్స్ అనే సంస్థ ఇలాంటి థియేటర్లకు ఆక్సిమీటర్లు అందించి, వాడకం నేర్పుతోంది. కొత్త ప్రమాణం రాసే ప్రతి కమిటీ ముందూ నేను పెట్టే మొదటి ప్రశ్న అదే: దీనికి కావాల్సిన సామాను ఎవరిస్తారు?