రెండుసార్లు ఇంటికి పంపారు, మూడోసారి నమ్మలేదు

డాక్టరమ్మకు అయిదు స్టార్లు, రాత్రి కౌంటరుకు ఒకటి, కలిపి మూడు ఇస్తున్నాను. హాస్పిటల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నా గొడవ ఒక్క రాత్రిది. తిరుపతిలో ఉండేవాళ్లకు ఇట్లాంటి నర్సింగ్‌హోములు తెలిసినవే, కింద మెడికల్ షాపు, పైన ఓపీ, ఆ పైన లేబర్ రూము, మెట్ల దగ్గర చెప్పుల గుట్ట. రెండో కాన్పు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. బిడ్డకు ఇరవై రోజులు, వాణ్ని భుజాన వేసుకుని ఒక చేత్తో టైపు చేస్తున్నా కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

పెద్దది పుట్టినప్పుడు పుట్టింటికి, పుంగనూరుకు పోయాను. ఈసారి దాని బడి మాన్పించడం ఎందుకని అమ్మనే ఎమ్మార్‌పల్లిలో మా ఇంటికి పిలిపించుకున్నాం. ఈ డాక్టరమ్మ దగ్గరికి పోవడానికి కారణం ఒకటే, ఊరికే కొయ్యదని పేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే అని తేలింది, ప్రైవేటులో ఇంకా ఎక్కువ. అందుకే ఆ పేరుకు అంత విలువ.

కార్డు మీద డెలివరీ డేట్ రాసిస్తారు కదా, అది ఆఖరి పీరియడ్ మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి రాసేది, సరిగ్గా ఆ రోజే పుట్టేవాళ్లు నూటికి నాలుగైదుగురే ఉంటారు. ఈ మాట డాక్టరమ్మ అయిదో నెలలోనే నాకు చెప్పింది. మా చిన్నత్తకు మాత్రం ఎవరూ చెప్పలేదు. 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందు వదిలినప్పుడు ఆవిడ నా డేట్ చూసుకుని మరీ బుక్ చేసింది, స్వామినీ బిడ్డనూ ఒకే ట్రిప్పులో చూసేస్తారంట. నలుగురు వచ్చారు, కొండెక్కారు, గుండ్లు కొట్టించుకుని లడ్లతో దిగారు, నా పొట్ట వైపు చూసి "ఇంకా ఏమీ లేదా పాపా?" అని అడిగి నెల్లూరు బస్సెక్కారు. తిరుపతిలో కాపురం అంటే ఇంతే, కాన్పు టైములో కూడా ఇల్లు సత్రమే.

ఇక హాస్పిటల్ విషయం. డేట్‌కు పది రోజుల ముందు రాత్రి పదకొండుకు నొప్పులు మొదలైతే బ్యాగు పట్టుకుని పోయాం. ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె చప్పుడు చూసే పరీక్ష) గదిలో మూడు మంచాలు, పనిచేసే మిషన్ ఒక్కటే. పొట్టకు కట్టే బెల్టు సాగిపోయి ఉంటే సిస్టర్ దాన్ని లంగా బొందు లాగా ముడేసి, జారకుండా నన్నే చేత్తో పట్టుకోమంది. ఇరవై నిమిషాలు అట్లాగే పట్టుకున్నా. కాసేపు వరండాలో నడిచేసరికి నొప్పులు మాయం. దొంగ నొప్పులు. బిల్లు 1,150. డేట్ దాటిన మర్నాడు మళ్లీ అదే కథ, ఈసారి అమ్మ జీలకర్ర కషాయం కూడా తాగించి తీసుకొచ్చింది. స్కాన్‌లో ఉమ్మనీరు పదకొండు సెంటీమీటర్లు, బిడ్డ గుండె బాగుంది. ఆ పూట డాక్టరమ్మతో మా ఆయనే "చేర్చుకుని ఏదో ఒకటి చేసేయండి మేడమ్, టెన్షన్ తట్టుకోలేకపోతున్నాం" అన్నాడు. ఆమె ఫైలు మూసి, "టెన్షన్ ఎవరికి, ఆమెకా నీకా? నీరు బాగుంది, బిడ్డ కదులుతోంది, 41 వారాలు నిండేదాకా చూద్దాం, అప్పటికీ రాకపోతే నొప్పులు రావడానికి జెల్ పెడతాం" అని ఇంటికి పంపింది. అయిదు స్టార్లు ఈ మాటకే. మంచం ఖాళీగా ఉన్నా పడుకోబెట్టి బిల్లు పెంచలేదు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. రెండో కాన్పులో బిడ్డ తల ముందే కిందికి దిగాలని లేదు, నొప్పులు మొదలయ్యాక కూడా దిగొచ్చు, అందుకని తల దిగలేదు కదా ఇంకా టైముందిలే అనుకోవద్దని. దారి ఒకసారి తెరుచుకుని ఉంటుంది కాబట్టి మొదటిసారి పట్టినంత టైము పట్టదు, నొప్పులు అయిదు నిమిషాలకొకటి వచ్చేదాకా ఆగకుండా పది నిమిషాల దగ్గరే బయల్దేరమంది. నీరు పోయినా, రక్తం కనిపించినా, కదలికలు తగ్గినా ఫోన్ కూడా చేయకుండా వచ్చేయమంది. రోజూ అన్నం తిని ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టేదాన్ని, రెండు గంటల్లో పది కదలికలు రావాలి, మావాడు అరగంటలోనే పూర్తి చేసేవాడు. సాయంత్రాలు యూనివర్సిటీ లోపల చెట్ల కింద నడక. ఫోన్లు మాత్రం భరించలేకపోయా, "ఇంకా కాలేదా" అని పొద్దున్నే మొదలు, ఆఖరికి పాలబ్బాయి కూడా.

40 వారాల నాలుగో రోజు, రాత్రి రెండున్నర. ఈసారి నొప్పి నడుములో మొదలై ముందుకు వస్తోంది, నడిచినా తగ్గడం లేదు. రెండుసార్లు పోయి తిరిగొచ్చిన సిగ్గుతో ముందు ఫోన్ చేశా, అదే నా తప్పు. ఎత్తిన సిస్టర్ నిద్ర గొంతుతో "మీరు మొన్న కూడా వచ్చి పోయినారు కదమ్మా, వేడినీళ్లు పోసుకుని పడుకోండి, పొద్దున ఓపీకి రండి" అంది. ఎంతసేపటికొకసారి వస్తున్నాయని అడగలేదు, ఎన్నో కాన్పని అడగలేదు. నేనూ నమ్మి పడుకున్నా. అమ్మ లైటేసి నా మొహం చూసి, "లే పాపా, ఇది దొంగ నొప్పి కాదు" అని చీర కూడా మార్చుకోకుండా చెప్పులేసుకుంది. అత్త పెద్దదాని దగ్గర ఉండిపోయింది. ఈ ఊర్లో ఏ టైములోనైనా ఆటో దొరుకుతుంది, అదంతా కొండకు పోయేవాళ్ల పుణ్యం. బాలాజీ కాలనీ దాటేలోపు రెండు నొప్పులు వచ్చాయి, ఆటో కడ్డీ పట్టుకున్న చేతికి మర్నాడు దాకా గుర్తు ఉంది.

నాలుగుకు చేరాం. గేటుకు తాళం, వాచ్‌మేన్ దుప్పటి ముసుగులో. మా ఆయన గేటు బాదుతుంటే ఎదురింటి కుక్కలు లేచాయి గానీ ఆయన లేవలేదు. లిఫ్టు రాత్రిపూట ఆపేస్తారంట, మెట్ల మీద నీరు పోయింది. కౌంటరు దగ్గర పదిహేను వేలు అడ్వాన్సు, ఫైలు నంబరు అంటున్నారు, నేను గోడ పట్టుకుని నిలబడి ఉన్నా. అప్పుడు ఆయమ్మ ఒకామె, పేరు కూడా అడగలేదు, వాళ్లను పక్కకు తోసి నన్ను లోపలికి తీసుకుపోయింది. 4:22కి బాబు, మూడు కిలోల వంద. పట్టుకుంది డ్యూటీ సిస్టరే, డాక్టరమ్మ తడి జుట్టుతో వచ్చేసరికి వాడు నా గుండెల మీద ఉన్నాడు. పెద్దదానికి పద్నాలుగు గంటలు, వీడికి రెండు గంటలు కూడా లేదు.

ఫోన్ సంగతి పొద్దున డాక్టరమ్మకు చెప్పాం. సర్దిచెప్పలేదు, రాత్రి ఫోన్లన్నీ డ్యూటీ డాక్టరే ఎత్తేలా చూస్తానంది, చూస్తారో లేదో చేరబోయేవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి. రూము పర్వాలేదు, దోమలున్నాయి, బాత్రూము గడియ పడదు. భోజనం ఇంటి నుంచి తెచ్చుకోండి. ప్యాకేజీ ముందు చెప్పినంతే తీసుకున్నారు, పైన ఒక్క రూపాయి వేయలేదు. డిశ్చార్జి రోజు మామూళ్లకు మాత్రం వరస కట్టారు. ఆయమ్మకు అడక్కుండానే ఇచ్చాం. అందరికంటే ముందు చేయి చాపింది ఆ రాత్రి లేవని వాచ్‌మేనే, "మగబిడ్డ కదా సార్" అంటూ.