జార్జ్ రాంచ్‌లో క్రిస్మస్ రద్దీ: వలంటీర్‌గా నా రివ్యూ

హ్యూస్టన్ దగ్గర రిచ్‌మండ్‌లో ఉన్న జార్జ్ రాంచ్ హిస్టారికల్ పార్కు చూడ్డానికి వెళ్లేవాళ్లు చాలామందే గానీ, క్రిస్మస్ సీజన్ రద్దీలో అక్కడ వలంటీర్‌గా పనిచేస్తే ఆ చోటు ఇంకా బాగా అర్థమవుతుంది. 1824లో జోన్స్ దంపతులు మొదలుపెట్టిన పశువుల రాంచ్ ఇది, అదే కుటుంబంలోని నాలుగు తరాల బతుకు ఎలా ఉండేదో 1830ల నాటి పొలం దగ్గర్నుంచి 1930ల ఇల్లు దాకా నడుచుకుంటూ చూడొచ్చు.

నన్ను చక్‌వ్యాగన్ (అప్పట్లో కౌబాయ్‌ల వెంట వెళ్లే వంటబండి) వంట దగ్గర వేశారు. ఇనప గిన్నె కిందా, మూత మీదా నిప్పులు పేర్చి వండుతారు, ఆ నిప్పులు ఎప్పుడు మార్చాలో అక్కడి పెద్దాయన చెయ్యి దగ్గరపెట్టి వేడి చూసి చెప్పేస్తారు. పొగకి కళ్లు మండుతుంటాయి, ఎదురుగా లైను తగ్గదు, పిల్లలేమో మంట దగ్గరికి దూసుకొస్తారు, ఒకటే టెన్షన్. అయినా నాకు తెగ నచ్చింది!

మధ్యాహ్నానికి కాళ్లు పీకేస్తాయి కాబట్టి మంచి బూట్లు తప్పనిసరి. కాటన్ బట్టలే వేసుకోండి, నిప్పురవ్వ పడితే సింథటిక్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

షుగర్‌ల్యాండ్, కేటీ వైపు ఉండే మనవాళ్లు పిల్లలతో తప్పకుండా వెళ్లండి. ఇళ్లన్నీ తీరిగ్గా చూడాలంటే మాత్రం పండగ హడావుడి లేని రోజు చూసుకోండి. నా రేటింగ్ ఐదుకి ఐదు.