అబార్షన్ లెక్కలు: కుటుంబ ఆరోగ్య సర్వేనా, లాన్సెట్ అంచనానా?

ప్రాజెక్టుకో వ్యాసానికో మన దేశపు అబార్షన్ లెక్కలు వెతికినవాళ్లందరికీ ఇదే టెన్షన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 3 గర్భాలు అంటారు, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో దాదాపు మూడింట ఒకటి!

మొత్తం
సర్వే (2019–21): గత ఐదేళ్ల గర్భాల్లో దాదాపు 3 శాతం.
లాన్సెట్ (2015 ఏడాదికి): 1.56 కోట్ల అబార్షన్లు, అంటే గర్భాల్లో దాదాపు మూడింట ఒకటి.

ఎలా లెక్కపెట్టారు
సర్వే: ఇంటికొచ్చి ఆడవాళ్లనే అడిగారు. ఏకాంతంగా అడగాలన్న నియమం ఉన్నా, పక్కగదిలో అత్తగారు బియ్యం ఏరుతూ ఉంటే ఎవరు నోరు విప్పుతారు చెప్పండి? సంఖ్య తగ్గడానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం.
లాన్సెట్: మాత్రల అమ్మకాలు, ఆరు రాష్ట్రాల ఆసుపత్రుల సర్వే కలిపి కట్టిన అంచనా. నోరు విప్పాల్సిన పని లేదు, మందులషాపు కౌంటర్ దాటిన మాత్ర లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే నాలుగింట మూడొంతుల దాకా ఆసుపత్రి బయటే, మాత్రలతోనే జరిగాయని తేలింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

ఎవరు, ఎందుకు
సర్వే: ఇక్కడ దీనిదే పైచేయి. దాదాపు సగంమంది అనుకోని గర్భమనే చెప్పారు, 27 శాతం ఇంట్లోనే సొంతంగా చేసుకున్నారు.
లాన్సెట్: కారణాల జోలికి పోలేదు.

ఖర్చు: రెండూ ఉచితమే.

కారణాలు, వయసు, రాష్ట్రాలవారీ తేడాలు కావాలంటే సర్వే పట్టుకోండి. దేశం మొత్తమ్మీద ఎన్ని అని రాయాలంటే మాత్రం లాన్సెట్, పక్కనే 2015 అని తప్పకుండా వేయండి.