తూర్పా, పశ్చిమమా: వరంగల్ నగరంలో గాలి మళ్లేది ఎక్కడ?

2009లో ఏర్పడిన వరంగల్ తూర్పు, పశ్చిమ అసెంబ్లీ నియోజకవర్గాలు ఒకే నగరానికి చెందినవైనా, వాటి ఓటరు స్వభావం ఒకటి కాదు. హన్మకొండ, కాజీపేటలున్న పశ్చిమంలో ఉద్యోగులు, విద్యార్థులు, రైల్వే కుటుంబాలు ఎక్కువ. టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) నేత దాస్యం వినయభాస్కర్‌ను 2010 ఉప ఎన్నికతో కలిపి వరుసగా నాలుగు సార్లు గెలిపించిన ఈ నియోజకవర్గం 2023లో కాంగ్రెస్ అభ్యర్థి నాయిని రాజేందర్ రెడ్డి వైపు మొగ్గింది.

తూర్పు మాత్రం ఏ ఎమ్మెల్యేకూ వరుసగా రెండో అవకాశం ఇవ్వలేదు. 2009లో బస్వరాజు సారయ్య (కాంగ్రెస్), 2014లో కొండా సురేఖ (టీఆర్ఎస్), 2018లో నన్నపునేని నరేందర్ (టీఆర్ఎస్), 2023లో మళ్లీ సురేఖ (ఈసారి కాంగ్రెస్ నుంచి) గెలిచారు. చివరిసారి బీజేపీ రెండో స్థానానికి రావడంతో పోటీ నిజంగా ముక్కోణమైంది. అందుకే నా దృష్టిలో 2028 అసెంబ్లీ ఎన్నికల్లో ఎక్కువ ఊగిసలాడేది తూర్పే.

కారణం తూర్పు వీధుల్లోనే కనిపిస్తుంది. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక స్థిరమైన జీతం పోయిన కుటుంబాలు చిల్లర వ్యాపారానికి, హమాలీ పనికి మళ్లాయి. వానాకాలంలో శివనగర్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే కూలికి బయలుదేరిన మనిషి చెప్పులు చేతబట్టుకుని వెనక్కి రావలసిందే, ఆ రోజు కూలి పోయినట్టే. పశ్చిమంలోనూ నయీంనగర్ నాలా పొంగి ఇళ్లు మునిగాయి గానీ, నెల జీతం ఉన్న ఇల్లు కాస్త త్వరగా తేరుకుంటుంది. తూర్పులో ఓటు అడిగేవారు ముందుగా ఆ నీటి సంగతే చెప్పాలి.