మెరీన్ డ్రైవ్‌కి డబ్బు కడితే శివపురిలో దింపారు

రిషికేశ్‌లో రాఫ్టింగ్‌కి వెళ్తున్నారా? మొత్తం డబ్బు ముందే కట్టమనే కౌంటర్ జోలికి మాత్రం పోకండి.

అక్కడ గంగలో పడవ ఎక్కే చోట్లు ముఖ్యంగా నాలుగు. రిషికేశ్ దాకా బ్రహ్మపురి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరీన్ డ్రైవ్ నుంచి 24, కౌడియాలా నుంచి 36. పైకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది. కౌడియాలా వైపు ‘ది వాల్’ అనే ఉరవడి (రాళ్ల మధ్య నీళ్లు ఎగిసిపడే చోటు, ర్యాపిడ్) ఉంది, కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. అందుకే మేము మెరీన్ డ్రైవ్ అనుకున్నాం. బావ, మేనకోడలు, నేను. తలకి 1,500 చొప్పున 4,500 కట్టాం.

జీపు శివపురిలో ఆగిపోయింది. పైన నీళ్లు ఎక్కువగా ఉన్నాయట, ఇక్కడే దిగాలట. మేము అలా నిలబడి ఉండగానే వేరేవాళ్ల జీపులు నెత్తిన పడవలు కట్టుకుని బదరీనాథ్ రోడ్డులో పైకి పోతున్నాయి! శివపురి రేటు అదే వీధిలో 1,000. మిగతా 1,500 ఇమ్మంటే డ్రైవరు కౌంటర్లో అడగమన్నాడు. కౌంటర్‌కి ఫోన్ చేస్తే డ్రైవరుతో మాట్లాడుకోమన్నారు. ‘పోనీలేరా, గంగమ్మ ఒడ్డున గొడవెందుకు’ అని బావ. పదో తరగతి పిల్ల, దారిలో వచ్చే ఉరవళ్ల పేర్లన్నీ ముందే రాసి పెట్టుకుంది. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, ‘మామయ్యా, అయితే త్రీ బ్లైండ్ మైస్ లేనట్టేనా?’ అంది. ఆ ఉరవడి శివపురికి పైనే ఉంది మరి. నాకు ఒళ్లు మండిపోయింది.

గైడ్ మాత్రం బంగారం. తెడ్డు పిడిని అరచేత్తో పూర్తిగా మూసి పట్టుకోమని ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూపించాడు. పట్టు వదిలితే ఆ పిడి పక్కవాళ్ల పళ్లు రాలగొడుతుంది. రోలర్ కోస్టర్ అనే ఉరవడి దగ్గర పడవ ముక్కు ఎంత పైకి లేచిందంటే, నేను బలమంతా పెట్టి వేసిన తెడ్డుకి నీళ్లే తగల్లేదు, గాలిని తోశాను. మరుక్షణం మంచునీళ్లు మొహాన కొట్టాయి. మేనకోడలు మైస్ సంగతి మర్చిపోయింది. దిగాక బావ గైడ్ చేతిలో 500 పెట్టాడు. అది దండగ కాదు.

వీడియోకి ఇంకో 700 అడిగారు, వద్దన్నాం.

‘నది ఒడ్డున టెంట్’ అనే ఫొటోలు చూసి కూడా పడిపోకండి. ఇసుక తిన్నెల మీద క్యాంపులను 2015లోనే హరిత ట్రైబ్యునల్ ఆపేసింది. ఇప్పుడవి ఎక్కువగా గుట్ట మీదో రోడ్డు పక్కనో ఉంటాయి. ఊళ్లో టీటీడీ వాళ్ల ఆంధ్ర ఆశ్రమం ఉంది, ముందు అక్కడ గది దొరుకుతుందేమో కనుక్కోండి. రిషికేశ్‌లో మాంసం, మందు నిషేధం. రెండో రోజుకే బావ మొహం వేలాడేసుకున్నాడు.

జూలై, ఆగస్టుల్లో వరద వల్ల రాఫ్టింగ్ ఉండదు. మార్చిలో వెళ్లండి, శని ఆదివారాలు వదిలేయండి, ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది. డెహ్రాడూన్ విమానాశ్రయం నుంచి ట్యాక్సీకి 1,200 అయింది. రాఫ్టింగ్‌కి సగమే అడ్వాన్స్ ఇచ్చి, ఎక్కే చోటు పేరు రసీదు మీద రాయించండి. మిగతా సగం పడవ నీళ్లలోకి దిగాకే జేబులోంచి తీయండి.